తలసేమియా: కృష్ణా డెల్టా కుటుంబాల వైపు నుంచి

తలసేమియా అంటే శరీరంలో హిమోగ్లోబిన్ తగినంత తయారు కాకపోవడం వల్ల వచ్చే వంశపారంపర్య రక్తవ్యాధి. ఇది అంటుకునే జబ్బు కాదు. తిండి చాలక వచ్చేది కాదు, మందు వికటించి వచ్చేదీ కాదు. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, దెబ్బతిన్న జన్యువులు రెండూ ఒకే బిడ్డలో కలిసినప్పుడే ఇది తీవ్రరూపంలో బయటపడుతుంది. ఆ తల్లీ తండ్రీ మాత్రం చూడటానికి ఆరోగ్యవంతులే. గుడివాడలో కొట్టు నడుపుకుంటారు, దివిసీమలో నాట్లు వేస్తారు, గిలకలదిండి నుంచి వేటకు వెళతారు. బిడ్డ పుట్టి, ఆర్నెల్లు దాటాక పాలిపోవడం మొదలయ్యేదాకా వాళ్ల రక్తంలో ఏముందో వాళ్లకే తెలియదు. ఈ జబ్బు గురించి తెలుసుకోవలసినదంతా రోగి కంటే ముందు, ఏ జబ్బూ లేని ఆ ఇద్దరి దగ్గరే మొదలవుతుంది.

పేరు గ్రీకు భాషది. ‘థలస్సా’ అంటే సముద్రం, ‘హైమా’ అంటే రక్తం. అమెరికాలోని డెట్రాయిట్‌లో పిల్లల వైద్యుడు థామస్ కూలీ, తన సహోద్యోగి పెర్ల్ లీతో కలిసి 1925లో ఈ జబ్బును మొదటిసారి విడిగా వర్ణించాడు. వాళ్లు చూసింది తీవ్రమైన రక్తహీనత, ఉబ్బిన ప్లీహం, ముఖం ఎముకల్లో వింత మార్పులు ఉన్న పిల్లలను. చాలామంది మధ్యధరా సముద్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్లు కావడంతో జార్జి విపుల్, విలియం బ్రాడ్‌ఫర్డ్ 1932లో ‘సముద్రపు రక్తం’ అనే అర్థం వచ్చేలా ఈ పేరు పెట్టారు. ఆ సముద్రానికే పరిమితమైన జబ్బు కాదని త్వరలోనే తేలింది. 1938లో కలకత్తాలో మొదటి భారతీయ రోగి గురించి వైద్యులు రాశారు.

బందరు (మచిలీపట్నం) వాళ్లకు గ్రీకు మాటలు మరీ పరాయివి కావు. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలమీ ఈ తీరాన్ని ‘మైసోలియా’ అన్నాడు. అంతకు ముందటి నావికుల గ్రంథం ‘పెరిప్లస్’లో అది ‘మసాలియా’. టాలమీ చెప్పిన ‘కొంటకొస్సిల’ రేవు మన ఘంటసాలే అని చరిత్రకారులు గుర్తించారు. తన సముద్రం పేరుతో ఒక జబ్బుకు పేరిచ్చిన భాషే మన సముద్రపు ఒడ్డుకూ ఒక పేరు పెట్టింది. జబ్బు మాత్రం రెండు ఒడ్డుల మీదా ఉంది.

రెండు అచ్చులు

పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో రెండు రకాల ప్రొటీన్ గొలుసులు ఉంటాయి: ఆల్ఫా, బీటా. ఆల్ఫా గొలుసుల జన్యువులు పదహారో క్రోమోజోమ్ మీద నాలుగు, బీటా గొలుసులవి పదకొండో క్రోమోజోమ్ మీద రెండు. వీటి పనిని పెడనలో కలంకారీ అద్దే చెక్క అచ్చులతో పోల్చవచ్చు. ఒకే నమూనాకు రెండు అచ్చులున్నాయనుకుందాం, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకదాని అంచు విరిగినా రెండోదానితో బట్ట అద్దేయవచ్చు. పని కాస్త నెమ్మదిస్తుంది, రంగు కాస్త పలచనవుతుంది, అంతే. ఇలా ఒక్క బీటా అచ్చు మాత్రమే చెడినవాళ్లను వాహకులు అంటారు. వైద్యుల కాగితాల మీద ‘తలసేమియా మైనర్’ అని ఉంటుంది. మైనర్ అన్న మాట చూసి భయపడనక్కర్లేదు. అది జబ్బు కాదు, ముదిరి మేజర్ కాదు, మందులు అక్కర్లేదు.

రెండు అచ్చులూ చెడితే ‘తలసేమియా మేజర్’. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దానికి బీటా గొలుసులు అవసరం లేదు. అందుకే పుట్టినప్పుడు బిడ్డ బొద్దుగా, అందరిలాగే ఉంటుంది. తొలి ఆరు నెలల్లో ఆ హిమోగ్లోబిన్ తగ్గి, బీటా గొలుసులతో తయారయ్యే పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ దాని స్థానంలోకి రావాలి. రాదు. జతగాడు దొరకని ఆల్ఫా గొలుసులు ఎముక మజ్జలోనే ఎర్రకణాలను చంపేస్తాయి. మజ్జ తట్టుకోలేక రెట్టింపు పని చేసి ఉబ్బుతుంది. అందువల్లే చెంప ఎముకలు, నుదురు ముందుకు పొడుచుకొస్తాయి. ప్లీహం, కాలేయం పెరిగి పొట్ట ముందుకొస్తుంది. పల్లెల్లో పెద్దవాళ్లు ‘కడుపులో బల్ల’ అనేది ఈ ఉబ్బిన ప్లీహాన్నే. మలేరియా వల్లా బల్ల వస్తుంది, తలసేమియా వల్లా వస్తుంది. వాతలు పెడితే తగ్గుతుందన్న నమ్మకంతో ఎన్ని చిన్న పొట్టలు కాలాయో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఐరన్ మాత్రలతో పెరగని రక్తం

వాహకుల రక్తం కాస్త పలచగా ఉంటుంది కాబట్టి చాలామందికి ఐరన్ లోపం అని పొరబడతారు. గర్భిణీ పరీక్షల్లో ఇది తరచుగా జరుగుతుంది. హిమోగ్లోబిన్ పదికి అటూ ఇటూ ఉంటుంది, మాత్రలు ఇస్తారు, నెలలు గడిచినా అంకె కదలదు, ‘సరిగ్గా వేసుకోవడం లేదు’ అని ఆమెనే అంటారు. నిజానికి తేడా మామూలు రక్త పరీక్ష కాగితం మీదే కనిపిస్తుంది. ఐరన్ లోపంలో ఎర్రకణాలు చిన్నవవుతాయి, సంఖ్యా తగ్గుతుంది. తలసేమియా వాహకుల్లో కణాలు చిన్నవే కానీ సంఖ్య తగ్గదు, కొన్నిసార్లు ఎక్కువే ఉంటుంది. కణం పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ అంకెను ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే తలసేమియాను అనుమానించాలని మెంట్జర్ అనే వైద్యుడు 1973లో ఒక సులువు లెక్క చెప్పాడు. ఇది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు.

పల్లె ఆస్పత్రిలో కూడా చేయగల ఇంకో చవకైన పరీక్ష ఉంది. పలచని ఉప్పునీటి గొట్టంలో ఒక చుక్క రక్తం వేసి, వెనక నల్ల గీత గీసిన తెల్ల కాగితం పెడతారు. మామూలు కణాలు పగిలి నీరు తేటపడితే గీత కనిపిస్తుంది. వాహకుల కణాలు అంత తేలిగ్గా పగలవు, నీరు మసకగానే ఉంటుంది. నిర్ధారణకు మాత్రం హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కావాలి. అందులో ‘ఏ2’ రకం వందకు మూడున్నరకు మించితే బీటా తలసేమియా వాహకులుగా లెక్క. తీవ్రమైన ఐరన్ లోపం ఉంటే ఈ ఏ2 తగ్గి మోసం చేయవచ్చు, అప్పుడు ఐరన్ సరిచేశాక మళ్లీ చూడాలి. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, జన్యువు మారదు. నాగాయలంక నుంచి మనిషి వెళ్లాల్సిన పని కూడా లేదు, రక్తం సీసా ప్రయాణిస్తే చాలు.

మేనరికం, గోత్రం, రక్తం

భారతదేశంలో వందకు ముగ్గురు నలుగురు బీటా తలసేమియా వాహకులని, ఏటా పదివేలకు పైగా పిల్లలు తీవ్రరూపంతో పుడుతున్నారని అంచనా. వాహకులు ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకులయ్యే అవకాశం సగం, ఏమీ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ‘ప్రతి కాన్పులోనూ’ అన్నమాటే అందరూ జారవిడిచేది. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురూ బాగుంటారని కాదు. ఇద్దరు బాగున్నారు కాబట్టి మూడో బిడ్డకు భయం లేదనీ కాదు. బొమ్మ, బొరుసు ఎగరేసినప్పుడు నాణేనికి కిందటిసారి ఏం పడిందో గుర్తుండదు.

తెలుగు నాట ఈ లెక్కకు మేనరికం తోడవుతుంది. ఇటీవలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి రక్తసంబంధీకుల మధ్యే జరుగుతోంది. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తప్పు. తెలిసిన ఇల్లు, చీలిపోని పొలం, పిల్లను కన్నకూతురిలా చూసుకునే మేనత్త, ఇవన్నీ బలమైన కారణాలే. అయితే అంకెలు ఏం చెబుతున్నాయో కూడా నిదానంగా చూడాలి.

ఒక అబ్బాయి వాహకుడని తేలింది. అతను బయటి సంబంధం చేసుకుంటే ఆ అమ్మాయి కూడా వాహకురాలయ్యే అవకాశం వందకు మూడో నాలుగో. మేనమామ కూతురిని చేసుకుంటే? అతని జన్యువు అమ్మ నుంచి వచ్చి ఉండటానికి సగం అవకాశం. అమ్మకు ఉంటే అదే జన్యువు ఆమె తమ్ముడికీ ఉండటానికి సగం. తమ్ముడి నుంచి కూతురికి చేరడానికి మళ్లీ సగం. మొత్తం ఎనిమిదింట ఒక వంతు, అంటే వందకు పన్నెండున్నర. అదే అతను అక్క కూతురిని చేసుకుంటే లెక్క ఇంకా దగ్గరవుతుంది: అక్కకు సగం, అక్క నుంచి కూతురికి సగం, మొత్తం నాలుగింట ఒక వంతు. బయటివాళ్లకు ఉండే మామూలు అవకాశం దీనికి అదనం. తరం తరువాత తరం మేనరికాలే అయితే అంకెలు ఇంకా పెరుగుతాయి.

ఇందులో రెండు సంగతులున్నాయి. మేనరికం తలసేమియాను పుట్టించదు. ఆ ఇంట్లో చెడిన అచ్చు లేకపోతే వంద మేనరికాలు చేసుకున్నా ఈ జబ్బు రాదు. రెండోది, బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన తప్పించుకున్నట్టూ కాదు. మన దేశంలో తలసేమియా పిల్లల తల్లిదండ్రుల్లో ఏ చుట్టరికమూ లేనివాళ్లు ఎందరో ఉన్నారు. సంబంధం దగ్గరదా దూరందా అన్నది అవకాశాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. సంగతి తేల్చేది పరీక్ష ఒక్కటే.

గోత్రం మాటేమిటని ఎవరైనా అడుగుతారు. సగోత్రం కాకుండా చూశాం కదా అని. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి నడుస్తుంది. జన్యుశాస్త్రంలో అలా నడిచేది వై క్రోమోజోమ్ ఒక్కటే. హిమోగ్లోబిన్ జన్యువులు ఆ దారిన పోవు. అమ్మ వైపు నుంచీ, నాన్న వైపు నుంచీ, కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తాయి. మన వరుసల్లో చిన్నాన్న కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. రక్తం లెక్కలో మాత్రం ఇద్దరూ సమాన దూరంలోనే ఉన్నారు. గోత్రం కలవలేదన్న ధైర్యం ఈ జబ్బు విషయంలో ఏ పనికీ రాదు. ఈ మాట చెబితే కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా చెప్పాలి.

ఈ సంగతులను శాస్త్రపరంగా తెలుగు కుటుంబాల్లో మొదట వెతికినవాళ్లలో ఒకరు పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడాయన. చెవి అంచు మీద వెంట్రుకలు తండ్రుల నుంచి కొడుకులకు ఎలా వస్తాయో ఆంధ్ర కుటుంబాల్లో పరిశీలించి, అది వై క్రోమోజోమ్ దారి అని వాదించారు. ఒక రకంగా అది గోత్రం నడిచే దారే. ఆ తరువాత పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల సంఖ్య, వాటి ఫలితాల గురించి 1963లో ఒక వ్యాసం ప్రచురించారు.

దోమ చేసిన ఎంపిక

ఇంత హాని చేసే జన్యువు వేల ఏళ్లుగా ఎందుకు మిగిలింది? జవాబులో సగం మన నేల మీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మిగతా సగం హాల్డేన్ ఆలోచన. 1948లో స్టాక్‌హోమ్‌లో జరిగిన జన్యుశాస్త్ర మహాసభలో ఆయన ఒక ఊహ ప్రకటించాడు: తలసేమియా వాహకులను మలేరియా అంత తేలిగ్గా చంపలేదేమో, అందుకే మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిందేమో అని. తరువాతి పరిశోధనలు ఆ ఊహను బలపరిచాయి. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

మలేరియా ఎక్కువగా ఉండే మన్యం ఈ కథకు గొప్ప సాక్షి. గోదావరి ఏజెన్సీలోని కోయదొరల్లో కనిపించిన ఒక అరుదైన హిమోగ్లోబిన్‌కు శాస్త్రవేత్తలు ‘హిమోగ్లోబిన్ కోయదొర’ అని పేరు పెట్టారు. మీరాఖాన్, డి జాంగ్, బెర్నీని 1975లో దాని గురించి రాశారు. ‘హిమోగ్లోబిన్ రంప’ అనేది మరొకటి. ప్రపంచంలో ఎక్కడ హిమోగ్లోబిన్ జాబితా తెరిచినా ఈ రెండు తెలుగు పేర్లు కనిపిస్తాయి. కోయదొరల్లో తేలిక రకం ఆల్ఫా తలసేమియా (ఆల్ఫా గొలుసులు తక్కువ పడేది) చాలా ఎక్కువని కూడా తరువాత తేలింది.

వంశపారంపర్యంగా వచ్చే ఇతర జబ్బులు

సికిల్ సెల్ కూడా బీటా గొలుసు జబ్బే. కాకపోతే అక్కడ గొలుసు తక్కువ పడదు, ఒక్క అక్షరం తేడాతో తయారవుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్లంతా భరించలేని నొప్పి. మన రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది ఎక్కువ. ఒకరి నుంచి సికిల్ జన్యువు, మరొకరి నుంచి తలసేమియా జన్యువు వచ్చినా బిడ్డకు జబ్బు వస్తుంది. కాబట్టి ‘నాది సికిల్, ఆమెది తలసేమియా, వేరు వేరు కదా’ అనుకోవడం ప్రమాదం.

హిమోఫిలియా దారి వేరు. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద నడుస్తుంది కాబట్టి తల్లి వాహకురాలైతే కొడుకుల్లో సగం మందికి రావచ్చు. రక్తం సరిగ్గా గడ్డకట్టదు. జీ6పీడీ లోపం కూడా ఎక్స్ క్రోమోజోమ్ మీదిదే. ఈ లోపం ఉన్నవాళ్లకు మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే ఎర్రకణాలు పగిలిపోవచ్చు. ఒక సమూహం లోపలే తరతరాలుగా పెళ్లిళ్లు సాగితే పూర్వీకుల్లో ఒక్కరి జన్యువు ఎలా వ్యాపిస్తుందో చెప్పడానికి వైశ్య సమాజం ఉదాహరణ శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండరాల సడలింపు మందును కరిగించే ఎంజైమ్ వాళ్లలో కొందరికి ఉండదు, మందు ప్రభావం గంటల తరబడి దిగదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దీన్ని ప్రస్తావించింది. అక్కడ మేనరికంతో పని లేకుండానే కులం లోపలి పెళ్లే ఆ పని చేసింది.

చికిత్స

మేజర్ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర, పది దగ్గర ఉండేలా చూస్తే బిడ్డ ఆడుతుంది, బడికి పోతుంది, ఎముకలు వంకరపోవు. ప్రభుత్వ రక్తనిధి కేంద్రాల్లో వీళ్లకు రక్తం ఉచితంగా ఇవ్వాలి. బదులు రక్తం ఇచ్చేవాళ్లను తెమ్మంటే ఆ తల్లిదండ్రులు ఏడాదికి పదిహేనుసార్లు ఎవరిని తెస్తారు? ఎండాకాలంలో కాలేజీలు మూసేసి రక్తదాన శిబిరాలు తగ్గినప్పుడు ముందుగా దెబ్బ తగిలేది ఈ పిల్లలకే. దివిసీమ చివరి ఊళ్ల నుంచి విజయవాడ వెళ్లి రక్తం ఎక్కించుకుని తిరిగి రావడమంటే తండ్రికి ఒక రోజు కూలి, బిడ్డకు ఒక రోజు చదువు. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అది ఆ ప్రయాణాన్ని తగ్గించగలిగితే ఈ కుటుంబాలకు అంతకంటే పెద్ద మేలు ఉండదు.

ప్రాణం నిలిపే రక్తమే ఇనుమును మోసుకొస్తుంది. ఒక్కో సీసాలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము. శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే వదులుకోగలదు. మిగిలింది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. ఎదుగుదల ఆగుతుంది, మధుమేహం వస్తుంది, గుండె దెబ్బతింటుంది. అందుకే ఇనుమును బయటకు పంపే మందులు తప్పనిసరి. మొదట వచ్చిన డెస్‌ఫెరాల్‌ను చర్మం కింద సూదితో రాత్రంతా ఎక్కించేవాళ్లు. తరువాత నోటితో వేసుకునే డెఫరిప్రోన్, 2005లో డెఫరాసిరాక్స్ వచ్చాయి. రక్తం మానని ఇళ్లు కూడా ఈ మాత్రలు మానేస్తుంటాయి, ఎందుకంటే మానినా మరునాడు ఏమీ కనిపించదు. దీనికి తోడు ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి 1945లో నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

జబ్బును మూలంలో మాన్పేది ఎముక మజ్జ మార్పిడి. వెల్లూరు సీఎంసీలో మొదటి మార్పిడి 1986లో ఒక తలసేమియా బిడ్డకే జరిగింది. తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. చిన్న వయసులో, ఇనుము పేరుకోకముందు చేస్తే ఫలితం బాగుంటుంది. జన్యువునే సరిచేసే చికిత్సలకు 2022, 2023ల్లో అమెరికా, బ్రిటన్‌లలో అనుమతి వచ్చింది, ఖర్చు మాత్రం ఇంకా మన చేతికి అందేది కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా చేరాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ రక్తం ఎక్కించడంతో పాటు సలహా కూడా ఇస్తుంది.

కుటుంబానికి కుటుంబం

జబ్బు పుట్టకముందే ఆపడానికి సైప్రస్ ఒక ఉదాహరణ. అక్కడ సుమారు ఏడుగురిలో ఒకరు వాహకులు. 1970ల నుంచి పరీక్షలు, 1980లలో పెళ్లికి ముందు పరీక్ష పత్రం తప్పనిసరి చేయడంతో కొత్తగా జబ్బుతో పుట్టేవాళ్లు దాదాపు లేకుండా పోయారు. వాహకులైన జంటలను విడదీయలేదు. చాలామంది పెళ్లి చేసుకున్నారు, గర్భంలో బిడ్డను పరీక్ష చేయించుకున్నారు.

మన దగ్గర పది, పన్నెండు వారాల గర్భంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష అందుబాటులో ఉంది. దానికి ముందు తల్లిదండ్రుల జన్యులోపం ఏదో తేలాలి. అందుకే తొలి నెలల్లోనే గర్భిణికి, ఆమె వాహకురాలైతే వెంటనే భర్తకు పరీక్ష జరగాలి. భర్త రక్తం ఇవ్వడానికి నామోషీ పడే ఇళ్లు ఉన్నాయి. బిడ్డకు జబ్బు వస్తే ‘నీ పుట్టింటి రక్తం’ అని కోడలిని అనే ఇళ్లూ ఉన్నాయి. ఆ మాట అబద్ధం. రెండు వైపుల నుంచీ వస్తేనే ఈ జబ్బు, ఒక్క వైపు తప్పు ఎన్నటికీ కాదు.

ఒక బిడ్డకు మేజర్ తేలితే ఆ ఇంటితో ఆగకూడదు. డెల్టాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు అంటూ ఒకరికొకరు గంట ప్రయాణంలోనే ఉంటారు. తల్లి తోబుట్టువుల్లో, తండ్రి తోబుట్టువుల్లో సగం మంది వాహకులై ఉండవచ్చు. వాళ్ల పెళ్లికాని పిల్లలను ముందు పరీక్షించాలి. సలహా ఇచ్చే వైద్యురాలు కాగితం మీద వంశవృక్షం గీస్తుంది: మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బున్న బిడ్డకు పూర్తిగా నలుపు, వాహకులకు సగం నలుపు. మామూలు పెళ్లికి ఒక గీత, మేనరికానికి జంట గీత. మన కుటుంబాల కాగితాల్లో ఆ జంట గీతలు ఒకటి రెండు కాదు, మూడేసి తరాల్లో వరసగా కనిపిస్తాయి. ఆ గీతల రెండు కొనల్లోనూ సగం నలుపు ఉందో లేదో చూడటంతో ఆమె పని మొదలవుతుంది.